డాస్ రోల్స్‌లో పేరు దొరకట్లేదా? కార్డు నంబరుతో వెతకండి

మా కోడలిది అమెరికాలోని ఓక్లహోమా, చెరోకీ అనే ఆదివాసీ తెగ మూలాలున్న కుటుంబం. వాళ్ల ముత్తవ్వ పేరు డాస్ రోల్స్‌లో (Dawes Rolls, చెరోకీ సహా ఐదు తెగల సభ్యుల పేర్లతో అమెరికా ప్రభుత్వం అప్పట్లో తయారుచేసిన జాబితా) ఎంత వెతికినా తగల్లేదు, ఎందుకంటే ఇంట్లో అందరికీ తెలిసింది ఆమె పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరే. చివరికి ఆమె తమ్ముడి పేరుతో దొరికింది.

ముందు 1900 జనాభా లెక్కల్లో ఇండియన్ టెరిటరీ (ఇప్పటి ఓక్లహోమా తూర్పు భాగం) కింద ఆ కుటుంబాన్ని చూసి, పిల్లల పేర్లు, వయసులు రాసుకోండి. వాళ్లలో కాస్త అరుదైన పేరున్న ఒకరిని ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ ఉచిత సెర్చ్‌లో వెతికి, రోల్ నంబరు కాదు, కార్డు నంబరు పట్టుకుని, దానితో మళ్లీ వెతకండి, తెగ దగ్గర చెరోకీ అనే ఉండాలి. రోల్ నంబరు మనిషికొకటి, కార్డు మాత్రం సాధారణంగా ఇంటికంతా ఒకటే, దాని మీద తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి. స్పెల్లింగు మాత్రం రకరకాలుగా వేసి చూడాలి.

అప్పట్లో ఇండియన్ టెరిటరీలో లేనివాళ్లకు ఇది పనిచేయదు. నార్త్ కరోలినా వైపు వాళ్లయితే అక్కడి చెరోకీల జాబితా అయిన 1924 నాటి బేకర్ రోల్ చూడండి.