కొత్త పగడపు అక్వేరియంలో తొలి ప్రాణులను ఎలా నిలబెట్టాలి?

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల చెరువు చేసే రైతు నీరు పెట్టిన మరునాడే పిల్లను వదలడు. నీటికి రంగు వచ్చి, పరీక్షలో అమ్మోనియా లేదని తేలేవరకు ఆగుతాడు. ఇంట్లో ఉప్పునీటి పగడపు తొట్టి పెట్టాలనుకునేవారికి కూడా ఇదే ఓపిక కావాలి. ఆ తొట్టిలో మొదట కాపురం పెట్టేది చేప కాదు, కంటికి కనిపించని బాక్టీరియా. అవి స్థిరపడకముందే చేపను వదిలితే, అది తన విసర్జనల విషంలోనే ఈదవలసి వస్తుంది. ఇక్కడ 200 లీటర్ల తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా నీరు సిద్ధం చేసుకోవాలి. మైపాడుకో కొత్తపట్నానికో వెళ్లి సముద్రపు నీరే తెచ్చుకోవచ్చు కదా అనిపించడం సహజమే గాని, ఈశాన్య రుతుపవనాల కాలంలో నదుల వరద కలిసి తీరంలోని నీటి ఉప్పదనం తగ్గిపోతుంది. పైగా ఆ నీటితోపాటు ఏ పరాన్నజీవి వస్తుందో చెప్పలేము. కనుపర్తి, ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో పండిన ఉప్పు కూడా ఈ పనికి రాదు. సముద్రపు నీరు ఇంకి ఉప్పు గడ్డకట్టేటప్పుడు కాల్షియం చాలావరకు అంతకుముందే అడుగున చేరుతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీటిలో ఉండిపోతుంది. మనకు దక్కేది ప్రధానంగా సోడియం క్లోరైడ్. పగడాలకు ఆ మూడూ అవసరం. అందువల్ల అక్వేరియం కోసం తయారైన ఉప్పు మిశ్రమాన్ని ఆర్‌ఓ నీటిలో కలపాలి. 200 లీటర్లకు సుమారు 7 నుంచి 7.5 కిలోలు పడుతుంది. లవణీయత 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు ఉండాలి. చెరువుల దగ్గర ఉప్పదనం కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా సరిపోతుంది.

రాయి విషయంలో చట్టాన్ని గుర్తుంచుకోవాలి. మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవులు, సముద్ర గుర్రాలూ అంతే. కాబట్టి సముద్రం నుంచి తీసిన పగడపు రాళ్ల జోలికి పోకుండా, జీవం లేని పొడి రాయిని 15 నుంచి 20 కిలోల వరకు కొని, మధ్యలో నీరు పారేలా సందులు వదిలి పేర్చాలి. ఆ రాతి రంధ్రాలే రేపటి బాక్టీరియాకు ఇళ్లు.

ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. పంపులు నడుస్తుండగా, దీపాలు ఆర్పి ఉంచి, అక్వేరియం బాక్టీరియా ద్రావణాన్ని పోసి, ఆ బాక్టీరియాకు ఆహారంగా అమ్మోనియం క్లోరైడ్‌తో నీటిలో అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాముల స్థాయికి తేవాలి. పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చినా అమ్మోనియా పుడుతుంది. అయితే ఎంత పుట్టిందో లెక్క తెలియదు, ఆ వాసనకు ఇంట్లో వాళ్లు తొట్టితో సహా మిమ్మల్ని బయట పెట్టవచ్చు. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రెండవ రకం నెమ్మదిగా పెరుగుతుంది గనుక నైట్రైట్ కొన్ని వారాలు దిగకుండా నిలబడినా కంగారు పడనక్కరలేదు. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మళ్లీ లీటరుకు 2 మిల్లీగ్రాముల స్థాయికి అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్లు. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 వరకు ఉంటుంది. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. అందుకే మంచినీటి చేపలు పెంచిన అనుభవంతో ఇక్కడ సాహసం చేయకూడదు. చివరగా సగం నీరు మార్చి, పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించాలి.

దీపాలు వెలిగించిన కొద్దిరోజులకే ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు ధూళి కమ్ముకుంటుంది. చాలామంది తొట్టి పాడైందనుకొని మందులు పోస్తారు. అది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు తొలి పంట, దానంతట అదే తగ్గుతుంది. ఆ వెనుక పచ్చని నాచు వస్తుంది. స్థిరపడిన తొట్టి ఉన్న మిత్రుడి దగ్గర గుప్పెడు ఇసుక తెచ్చి వేసినా, కోపిపాడ్‌లనే అతిచిన్న రొయ్యజాతి జీవులను కొని వదిలినా, రాత్రివేళ టార్చి వేసి చూస్తే గాజు మీద పరుగెత్తే తెల్లని చుక్కలు కనిపిస్తాయి. ఈ సూక్ష్మజీవులే రేపు చేపలకూ పగడాలకూ కొంత ఆహారం. అలా తెచ్చిన ఇసుకతో ఐప్టేసియా అనే చిన్న అనిమోన్ (పువ్వులా కనిపించే, కుట్టే జీవి) కూడా రావచ్చు, అది పెరగకముందే తీసేయాలి.

నాచు కనిపించాక దాన్ని తినడానికి ఎనిమిదో పదో నత్తలను తెచ్చుకోవాలి. తీరంలో ఏరిన నత్తలు, సన్యాసి పీతలు వద్దు. వాటిలో మాంసాహారులు ఉండవచ్చు. నత్తలకు లవణీయతలో హఠాత్ మార్పు ప్రాణాంతకం, కనుక సన్నని గొట్టంతో తొట్టి నీటిని చుక్కచుక్కగా వాటి పాత్రలోకి పోస్తూ సుమారు గంటసేపు అలవాటు చేయాలి.

మొదటి చేపగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటను ఎంచుకోవడం మంచిది. వీటిని బందీగా పెంచే పద్ధతిని మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా రూపొందించింది. క్లౌన్ చేపలన్నీ మగవిగానే ఎదుగుతాయి, జంటలో పెద్దది తర్వాత ఆడదిగా మారుతుంది. అందుచేత ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే గొడవ తక్కువ. వాటిని వేరే చిన్న తొట్టిలో కనీసం నాలుగు వారాలు ఉంచి గమనించాలి. చేపల ఒంటి మీద వచ్చే తెల్లమచ్చలకు కారణం క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి, రొయ్యల్లో వచ్చే వైట్ స్పాట్‌కు కారణం వైరస్. పేరు ఒకేలా వినిపించినా రెండింటికీ సంబంధం లేదు. చేపకు రాగి మందు వాడవలసి వస్తే ఆ చిన్న తొట్టిలోనే వాడాలి, ఎందుకంటే ప్రధాన తొట్టిలో అది నత్తలనూ రొయ్యలనూ పగడాలనూ చంపేస్తుంది.

మన వేసవి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ తొట్టి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, మే నెలలో ఒంగోలులో బయట 40 దాటడం కొత్త కాదు. హీటర్ కంటే చిల్లర్ లేదా ఏసీ గది ముఖ్యం. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు అందులోనే మిగులుతుంది కాబట్టి ఉప్పునీరు కాకుండా ఆర్‌ఓ మంచినీటినే పోసి మట్టం సరిచేయాలి. కరెంటు పోయినప్పుడు ఆక్సిజన్ అందడానికి బ్యాటరీతో నడిచే గాలి పంపు దగ్గర ఉంచుకోవాలి.

మరో రెండు మూడు నెలలకు రాళ్లపై సున్నపు నాచు ఊదారంగు పొరగా పాకడం మొదలవుతుంది. అప్పుడు కాగితాలు సక్రమంగా ఉన్న అమ్మకందారు దగ్గర మెత్తని పగడాలలో తేలికైనవి ఒకటి రెండు తీసుకోవచ్చు. పగడాలకు దగ్గరి బంధువులైన జోయాంథిడ్‌లు అందంగా ఉన్నా వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రమాదకర విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకొని మాత్రమే ముట్టుకోవాలి, అవి పెరిగిన రాయిని వేడినీళ్లతో శుభ్రం చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.