కోరా, ఎంబిరాలతో ఆర్కెస్ట్రా రిహార్సల్‌కు ముందు

స్కోరు (వాద్యాలన్నిటి స్వరలిపి) ప్రింటుకు ఇచ్చేలోపే ఇవి చూసుకోండి.

– అన్నిటికన్నా ముందు శ్రుతి. పశ్చిమాఫ్రికా కోరాకు 21 తీగలు, మామూలుగా ఒక్కో తీగకు ఒకటే స్వరం. రచన మధ్యలో స్కేలు మార్చారో, వాయించేవారికి దారుండదు. పాతరకం కోరాలో తీగను బిగించిన తోలు పట్టీని దండి మీద ఒక్కొక్కటిగా జరపాలి. ఇది మరిస్తే మొత్తం తిరగరాయాల్సిందే.

– జింబాబ్వే ఎంబిరాకు (వేళ్లతో మీటే లోహపు రేకుల వాద్యం) గవ్వలో, సీసా మూతలో తగిలించి ఉంటాయి. ఆ జుమ్మనే రొద నాదంలో భాగం. సౌండ్ ఇంజనీరుకు ముందే చెప్పండి, నాయిస్ అనుకుని తీసేస్తారు. తంబురాకు జీవా దారం లాగేసినట్టే అవుతుంది.

– కోరాది చిన్న గొంతు. మైకు పెట్టండి, లేదా అక్కడ ఇత్తడి వాద్యాలను ఆపండి.

– చాలామంది కళాకారులు విని నేర్చుకున్నవారే. నొటేషన్‌తోపాటు రికార్డింగూ పంపండి.