అజికా ఎలా చేయాలి? మిర్చి వేసిన ఉప్పు కథ

అబ్ఖాజ్ భాషలో అజికా అంటే ఉప్పు. ఈ మాట తెలిస్తే సగం వంట వచ్చినట్టే. నల్ల సముద్రం ఒడ్డున అబ్ఖాజియాలోనూ, పక్కనే ఉన్న పశ్చిమ జార్జియా ప్రాంతం సమెగ్రెలోలోనూ మిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరిన ఈ కారం ముద్ద లేని ఇల్లుండదు. గొర్రెలకు పెట్టే ఉప్పును కాపరులు వాడేసుకోకుండా యజమానులు కారం కలిపారట, కాపరులు దానికి వెల్లుల్లి కూడా చేర్చి లాగించేశారట. నిజమో కాదో గానీ, నాకు నచ్చిన కథ.

పండుమిర్చి పావు కిలో, ఒలిచిన వెల్లుల్లి 75 గ్రాములు, ధనియాలు 2 టేబుల్ స్పూన్లు, రాళ్ల ఉప్పు 50 గ్రాములు తీసుకోండి. వీటితో పాటు ఉత్స్ఖో సునేలి 1 టేబుల్ స్పూన్ కావాలి. అది నీలి పూల మెంతి గింజల పొడి. మన మెంతులంత చేదు ఉండదు. దొరక్కపోతే ఒక టీస్పూన్ కసూరి మేతి, దోరగా వేయించిన మెంతులు పావు టీస్పూన్ కలిపి పొడి కొట్టండి. అచ్చం ఆ వాసన రాదు, దగ్గరికి మాత్రం వస్తుంది.

మిర్చి కడిగి, తడి తుడిచి, రెండు మూడు రోజులు వడలనివ్వండి. అబ్ఖాజియాలో పొయ్యి పైన వేలాడదీసి పొగ పట్టిస్తారు. నీరు తగ్గితేనే ముద్ద చిక్కగా వస్తుంది, నిలవ ఉంటుంది. తర్వాత తొడిమలు తీసి, కారం తగ్గాలనుకుంటే గింజలూ దులపండి. గ్లవ్స్ మర్చిపోవద్దు.

అక్కడ నూరేది మన సన్నికల్లు లాంటి బల్లపరుపు రాతి మీద. ధనియాలు వేయించి ముందు పొడి చేసి, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరి, చివర్న మిర్చి, మెంతి పొడి చేర్చండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, నీళ్లు చుక్క కూడా పోయొద్దు. చింతపండు, పోపు జోలికి వెళ్లకండి. టమాటాలు వేసి ఉడికించేది రష్యా వంటిళ్లలో పుట్టిన రకం, అది వేరే సాస్.

పొడి గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజులు ఆగితే వెల్లుల్లి ఘాటు సర్దుకుంటుంది.

అక్కడ దీన్ని ఉప్పులేని మొక్కజొన్న సంకటి అబిస్తాతో, చీజ్‌తో నంజుకుంటారు, కాల్చే మాంసానికి పట్టిస్తారు. మనం పండుమిర్చి పచ్చడిలా ముద్దకింత కలిపితే ఉప్పు కషాయమే. ఉప్పు వేయని పెరుగన్నంలో చిటికెడు చాలు.