మెడిటరేనియన్ రెస్టారెంట్‌కు వెళ్తే ఏం ఆర్డర్ చేయాలి, ఎలా తినాలి?

హన్మకొండ నుంచి హసన్‌పర్తి వైపు పోయినా, కాజీపేట దాటి మడికొండ వైపు పోయినా, కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో బైపాస్ ఎక్కినా, దాబాలూ బిర్యానీ హోటళ్ల మధ్యలో అక్కడక్కడా అరేబియన్, టర్కిష్, లెబనీస్, మెడిటరేనియన్ అనే మాటలున్న బోర్డులు కనిపిస్తున్నాయి. కుటుంబమంతా కారేసుకుని వెళ్తారు. మెనూ కార్డు అటూ ఇటూ తిప్పి, చివరికి ఒక చికెన్ మండీ, పిల్లలకు రెండు షవర్మాలు చెప్తారు. తిరిగొచ్చేటప్పుడు "అంతా చప్పగా ఉంది, మన బిర్యానే నయం" అనుకుంటారు.

అసలు మండీ మెడిటరేనియన్ వంటకమే కాదు. అది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతానిది. మన దగ్గరికి హైదరాబాద్ బార్కస్ మీదుగా వచ్చింది. యెమెన్‌కు ఎర్ర సముద్రం ఉంది, అరేబియా సముద్రం ఉంది గానీ మధ్యధరా (మెడిటరేనియన్) తీరం లేదు. ఆ తీరం ఉన్నవి లెబనాన్, సిరియా, టర్కీ, గ్రీస్, ఈజిప్టు, ట్యునీషియా లాంటి దేశాలు. వాళ్ల భోజనంలో ముందు రొట్టె, చిన్న చిన్న గిన్నెల్లో పచ్చళ్లు, సలాడ్లు వస్తాయి. మాంసం ఆ తర్వాతే. ఈ చిన్న ప్లేట్లనే మెజ్జే అంటారు. మెనూలో ఇవి మొదటి పేజీలో ఉంటాయి, మనం తిప్పేసేది కూడా ఆ పేజీనే.

బయల్దేరే ముందు

ఫోన్లో మెనూ ఫొటోలు చూడండి. మెజ్జే కింద ఐదారు రకాలు ఉంటే మంచి సంగతే. నూడుల్స్, మంచూరియా, పనీర్ బటర్ మసాలాల మధ్య హమ్మస్ (శనగల ముద్ద) ఒక్కటే కనిపిస్తే ఆశ పెట్టుకోవద్దు. రోజుకు ఒక ప్లేటు కూడా పోని చోట దాన్ని ఏ రోజుకారోజు చేయరు, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తారు.

తర్వాత ఒక ఫోన్ కొట్టండి. అడగాల్సినవి రెండే: "రొట్టె మీ దగ్గరే కాలుస్తరా, ప్యాకెట్‌దా?", "ఫలాఫెల్ ఇయ్యాల ఉన్నదా?" ఫలాఫెల్ అంటే శనగలు రుబ్బి వేయించే వడల్లాంటివి. శివారు హోటళ్లలో కార్డు మీద ఉన్న వాటిలో కొన్ని వంటింట్లో ఉండవు. పాతిక కిలోమీటర్లు వెళ్లాక "అది లేదు సార్" అనిపించుకోవడం ఎందుకు? ఇంట్లో పెద్దవాళ్లు వస్తుంటే ఇంకోటి కూడా అడగాలి. ఇలాంటి చోట్ల చాలావరకు మజ్లిస్ పేరుతో కింద పరుపులేసి కూర్చోబెడతారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు మాత్రం కూర్చోవడం ఒక కష్టం, లేవడం ఇంకో కష్టం. టేబుల్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

శని, ఆదివారాల రాత్రి ఏడింటికల్లా చేరితే నయం. తొమ్మిది దాటితే వంటింటి మీద ఒత్తిడి పెరిగి ఫలాఫెల్ సగం వేగి వస్తుంది. సొంత బండి లేకపోతే తిరిగొచ్చే ఆటో సంగతి కూడా ముందే చూసుకోవాలి.

ఉత్తర తెలంగాణకు ఈ తిండి మరీ కొత్తేమీ కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి కాకో బావో ఉంటే వెంట తీసుకుపోండి, కుబ్బూస్ రొట్టె మెత్తగా ఉందో ఎండిపోయిందో ఆయన ముట్టుకుని చెప్పేస్తారు. అయితే మెనూలో ఉన్నవన్నీ ఆయనకు తెలిసి ఉంటాయనుకోవద్దు. అక్కడ ఏళ్ల తరబడి ఉన్నా, క్యాంపు గదిలో పప్పూ అన్నం వండుకుని పైసలు ఇంటికి పంపినవాళ్లే ఎక్కువ.

మొదట హమ్మస్, రొట్టె మాత్రమే చెప్పండి

కూర్చోగానే మొత్తం ఆర్డర్ ఇవ్వకండి. ఒక హమ్మస్, దానికి సరిపడా రొట్టె చెప్పి ఆగండి. ఆ హోటల్ ఎలాంటిదో ఈ ఒక్క ప్లేటు చెప్పేస్తుంది.

హమ్మస్‌లో పడేవి కాబూలీ శనగలు, తహీనీ, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు. తహీనీ అంటే నువ్వుల ముద్ద. సంక్రాంతికి సకినాల పిండిలో నువ్వులు కలిపే మనకు ఆ రుచి పరాయిది కాదు. శనగలను రాత్రంతా నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోయేదాకా ఉడికించి రుబ్బుతారు. బాగా చేసినది ప్లేటులో నున్నగా పరుచుకుని ఉంటుంది. గరిటె వెనకభాగంతో గుండ్రంగా తిప్పిన గాడి, ఆ గాడిలో ఆలివ్ నూనె, మధ్యలో నాలుగు శనగ గింజలు. రొట్టె ముక్కతో తీస్తే పట్టుకుని నిలవాలి, జారి పడకూడదు. నాలుక మీద ముందు నువ్వుల కమ్మదనం, వెనకాలే నిమ్మ పులుపు తెలియాలి.

పైన పల్చటి పొర కట్టి పగుళ్లు కనిపిస్తే అది నిన్నటిదో మొన్నటిదో. ఫ్రిజ్ చల్లదనం తగిలినా అంతే. తెల్లగా, తియ్యగా ఉంటే మయోనైజ్ కలిపారేమో అడగండి. ఇలా ఉంటే మిగతా మెజ్జే జోలికి పోకుండా ఒక గ్రిల్ ప్లేటు తిని వచ్చేయండి. బాగుంటే ధైర్యంగా రెండో ఆర్డర్ ఇవ్వొచ్చు.

పైన చల్లిన ఎర్రటి పొడి చూసి పిల్లలకు కారమవుతుందని భయపడక్కర్లేదు. అది పాప్రికానో (కారం తక్కువుండే మిరప పొడి) సుమాకో అయి ఉంటుంది. సుమాక్ ఒక రకం చెట్టు కాయల పొడి, పుల్లగా ఉంటుంది.

రెండో ఆర్డర్

నలుగురు ఉంటే ఒక వంకాయది, ఒక సలాడ్, ఒక ప్లేటు ఫలాఫెల్, ఒక గ్రిల్, ఇంకొంచెం రొట్టె. ఇంతే చాలు. అన్నం కావాలంటే చివర్లో చెప్పుకోవచ్చు, చాలాసార్లు ఆ అవసరం రాదు.

వంకాయది అంటే బాబా గనూష్ లేదా ముతబ్బల్. నిప్పుల మీద కాల్చి చేసే మన వంకాయ పచ్చడిలో పచ్చిమిర్చి, చింతపండు తీసేసి నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాదాపు అదే. పొగ వాసన రాకపోతే వంకాయను కాల్చలేదు, ఉడకబెట్టారు అని అర్థం.

ఫలాఫెల్‌ను ముందు చేత్తో విరిచి చూడండి. లోపల ఆకుపచ్చగా, గరుకుగా ఉండి ఆవిరి రావాలి. శనగలను ఉడికించకుండా, నానబెట్టి పచ్చిగా రుబ్బి, కొత్తిమీర, పార్స్‌లీ, జీలకర్ర వేసి నూనెలో వేయిస్తారు. అందుకే పైన కరకర, లోపల గుల్ల. ఈజిప్టులో శనగల బదులు బాకలా గింజలు (ఫావా బీన్స్) వాడతారు. లోపల పసుపుపచ్చగా, ముద్దగా ఉంటే ఉడికిన శనగలో శనగపిండో వాడినట్టే.

సలాడ్లలో తబ్బూలే, ఫత్తూష్ అని రెండుంటాయి. తబ్బూలేలో ఎక్కువ భాగం పార్స్‌లీ ఆకే ఉండాలి, ఉడికించి ఎండబెట్టిన గోధుమ రవ్వ కొంచెమే. మన దగ్గర పార్స్‌లీ దొరక్క కొత్తిమీరతో కానిచ్చేస్తుంటారు, రుచి పూర్తిగా మారిపోతుంది. అందుకే నా ఓటు ఫత్తూష్‌కే. టమాటా, కీరా, కరకరలాడే రొట్టె ముక్కలు, సుమాక్ పులుపు ఉండే ఈ సలాడ్‌ను పాడు చేయడం కష్టం. వచ్చిన వెంటనే తినాలి, పది నిమిషాలు ఆగితే రొట్టె మెత్తబడుతుంది. ఆలివ్ కాయల్లో గింజలుంటాయని పిల్లలకు ముందే చెప్పండి.

ఇక "చప్పగా ఉంది" అనే ఫిర్యాదు. వరంగల్ కారానికి అలవాటైన నోటికి అలా అనిపించడం సహజమే. దానికి మందు అక్కడే ఉంది. "తమ్మీ, హరిస్సా ఉంటే ఇంత తీస్కరా" అనండి. ట్యునీషియా వాళ్ల ఎండుమిర్చి ముద్ద అది, వెల్లుల్లితో ఘాటుగా ఉంటుంది. 2022లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేరింది. లేకపోతే ఊరబెట్టిన పచ్చిమిర్చి అడగండి. గరం మసాలా కోసం వెతక్కండి, ఇక్కడ రుచి నిమ్మ, వెల్లుల్లి, నువ్వులు, నూనె మీదే నిలబడుతుంది.

నీసు ముట్టని రోజైతే

శనివారం, కార్తీక మాసం, ఇంట్లో వ్రతం... ఇలాంటి రోజుల్లో కూడా ఈ హోటళ్లకు నిశ్చింతగా వెళ్లొచ్చు. హమ్మస్, బాబా గనూష్, ఫలాఫెల్, ఫత్తూష్ వీటిలో మాంసం ఉండదు, సాధారణంగా గుడ్డూ ఉండదు. అడగాల్సింది నూనె గురించి. ఫలాఫెల్ వేయించే నూనెలోనే చికెన్ కూడా వేయిస్తున్నారా అని తేల్చుకోండి. నమ్మకం కుదరకపోతే ఫలాఫెల్ వదిలేయండి, మిగతావాటితోనే కడుపు నిండుతుంది. హమ్మస్ మీద కీమా వేసిచ్చే రకం కూడా ఉంది, కాబట్టి "ప్లెయిన్" అని గట్టిగా చెప్పండి. నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం ఇక్కడ తినడానికి పెద్దగా ఏమీ మిగలదు, తహీనీ సగం ప్లేట్లలో ఉంటుంది.

గ్రిల్, షవర్మా

గ్రిల్‌లో షిష్ తావూక్‌తో మొదలుపెట్టండి. పెరుగు, నిమ్మ, వెల్లుల్లిలో నానబెట్టిన చికెన్ ముక్కలివి, మెత్తగా ఉంటాయి. దాంతో వచ్చే తెల్లటి వెల్లుల్లి ముద్దను తూమ్ అంటారు. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు కలిపి చిలుకుతారు, అసలు పద్ధతిలో గుడ్డు ఉండదు. చాలాచోట్ల దీని బదులు మయోనైజ్‌లో వెల్లుల్లి కలిపి ఇచ్చేస్తారు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు, ఎండాకాలం గంటల తరబడి బయట పెడితే అది పెరిగిపోతుంది. "గుడ్డు లేనిదేనా?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

షవర్మా కావాలంటే మాంసం కోసే చోటికి లేచి వెళ్లి చూడండి. మంట వెలుగుతూ ఉండాలి, పైపొర ఎర్రగా కాలాక మాత్రమే కోయాలి. రద్దీలో లోపలి పొరదాకా కోసేసి పచ్చిపచ్చిగా చుట్టిస్తుంటే, వద్దని చెప్పి వచ్చేయండి. మంట ఆర్పి పెట్టి, అడిగినప్పుడు మళ్లీ వెలిగించే చోట అసలే వద్దు.

ఇంకో మాట. డాక్టర్ మెడిటరేనియన్ డైట్ మంచిదన్నాడని చెప్పి మిక్స్‌డ్ గ్రిల్, ఫ్రెంచ్ ఫ్రైస్, కూల్ డ్రింక్ తెప్పించుకునే పెద్దమనుషులున్నారు. డాక్టర్లు మెచ్చుకునేది కూరగాయలు, పప్పుధాన్యాలు, ఆలివ్ నూనె, చేపలు ఎక్కువగా, మాంసం తక్కువగా ఉండే తిండిని. మిక్స్‌డ్ గ్రిల్ తినండి, తప్పేం లేదు. డాక్టర్ మీద మాత్రం తోయకండి.

ఎంగిలి సంగతి

మెజ్జే అందరి మధ్యలో పెట్టుకుని తినే భోజనం. ఆ తీరంలో ఒకే గిన్నెలో అందరూ రొట్టె ముంచుకుంటారు. మన ఇళ్లలో అది అందరికీ నచ్చదు, అత్తగారి ముందు అయితే అసలే కుదరదు. గొడవెందుకు? ప్రతి గిన్నెకూ ఒక స్పూన్, మనిషికో ఖాళీ ప్లేటు అడగండి. ఎవరికి కావాల్సింది వాళ్లు ప్లేటులో వేసుకుని అందులోనే ముంచుకుంటారు. పెద్ద పళ్లెం మండీ తెప్పించినా ఇదే పద్ధతి.

ఫోర్కు, కత్తి పక్కన పెట్టేయండి. రొట్టెను వేడిమీదే చిన్న ముక్కలుగా తుంచి, మడిచి, హమ్మస్ తీసుకుని, దాంట్లోనే ఒక చికెన్ ముక్క, ఊరబెట్టిన ముల్లంగి ముక్క పెట్టి ఒకేసారి నోట్లో వేసుకోవాలి. విడివిడిగా తింటే ప్రతిదీ అసంపూర్తిగానే అనిపిస్తుంది. రొట్టె చల్లారితే తోలులా సాగుతుంది కాబట్టి ఒకేసారి తెప్పించుకోకుండా విడతలుగా చెప్పండి.

చివర్లో

తీపిలో కునాఫా వేడిగా ఉండాలి, లోపల చీజ్ సాగాలి. అప్పటికప్పుడు చేసేదైతే ఇరవై నిమిషాలైనా పడుతుంది, గ్రిల్ వచ్చినప్పుడే చెప్పేయండి. బక్లావా ముందే చేసి ఉంచుతారు కాబట్టి పార్సిల్‌కు అదే మేలు. టర్కిష్ కాఫీ తాగితే అడుగున పొడి దిగేదాకా ఆగండి, ఆ మడ్డి తాగేది కాదు.

బిల్లు వచ్చాక ఒకసారి చదవండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జ్ అని విడిగా వేస్తే అది కట్టి తీరాల్సిందేమీ కాదు. బిల్లులో దానంతటది కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మర్యాదగా అడిగితే చాలావరకు తీసేస్తారు, లేకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. బాగా చూసుకున్న కుర్రాడి చేతిలో మీకు తోచింది పెట్టడం వేరే సంగతి.

మిగిలిన హమ్మస్, బాబా గనూష్ ప్యాక్ చేయించండి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు పొద్దున చపాతీలోకి పనికొస్తాయి. ఫలాఫెల్, ఫత్తూష్ మాత్రం అక్కడే పూర్తి చేసి రండి, హైవే దాటి ఇంటికి చేరేసరికి రెండూ మెత్తబడిపోతాయి.