1943 నాటి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌కు పట్టిక కట్టే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక అమెరికన్ కాలేజీ జట్టు ఆడిన సీజన్ గురించి రాయాలంటే స్కోర్లతో మొదలుపెట్టకండి. ఆ క్యాంపస్‌లో శిక్షణ పొందుతున్నది నేవీ వాళ్లా, ఆర్మీ వాళ్లా అన్నది ముందు తేల్చుకోండి. 1943 జూలై 1న మొదలైన వీ-12 (కాలేజీల్లోనే నేవీ అధికారులను తయారుచేసే పథకం) కింద చదువుకుంటున్న నేవీ, మెరైన్ కుర్రాళ్లను కాలేజీ జట్లలో ఆడనిచ్చారు. ఆర్మీ మాత్రం తన ప్రత్యేక శిక్షణ విద్యార్థులను ఆడనివ్వలేదు. ఆ ఏడాది నోటర్‌డామ్, పర్డ్యూ, మిషిగన్ యూనివర్సిటీలు అంత బలంగా కనిపించడానికీ, అలబామా, టెనసీ, ఆబర్న్, కెంటకీ యూనివర్సిటీలు అసలు జట్టునే దించకపోవడానికీ ఇదొక పెద్ద కారణం.

మీ కాలేజీ ఆ ఏడాది ఆడకపోతే గడి ఖాళీగా వదలకుండా "జట్టు లేదు" అని రాయండి. ఖాళీ గడి కనిపిస్తే తర్వాత వచ్చినవాళ్లు వివరాలు దొరకలేదేమో అనుకుని, క్యాంపస్‌లో సరదాగా ఆడుకున్న ఆటల స్కోర్లు తెచ్చి నింపేస్తారు.

ఆడి ఉంటే రెండు పట్టికలు కావాలి. మొదటిది ఆటలది: తేదీ, ప్రత్యర్థి, ప్రత్యర్థి రకం, మైదానం, స్కోరు, ఆధారం. "ప్రత్యర్థి రకం" గడి తప్పనిసరి, ఎందుకంటే ఆ రోజుల్లో సైనిక స్థావరాల జట్లు కాలేజీలతో సమానంగా ఆడేవి. షికాగో దగ్గరి గ్రేట్ లేక్స్ నేవీ కేంద్రానిది అలాంటి జట్టే. ఎక్కువమంది తప్పు చేసేది అయోవా దగ్గర. అయోవా యూనివర్సిటీ జట్టు వేరు, అదే ఊళ్లో నేవీ పైలట్ల శిక్షణ కేంద్రం నడిపిన అయోవా ప్రీ-ఫ్లైట్ జట్టు వేరు. పత్రికల శీర్షికల్లో ఒట్టి "అయోవా" అని కనిపిస్తే కింద ఆటగాళ్ల పేర్లు చదివాకే పట్టికలోకి ఎక్కించండి.

తేదీలు అంకెల్లో రాయకండి. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. 11/6 అంటే నవంబర్ 6, మన అలవాటులో జూన్ 11 అయిపోతుంది. నెల పేరు రాస్తే ఆ గొడవే ఉండదు.

అసలు పని రెండో పట్టికలో ఉంది, ఓపిక అంతా దానికే పెట్టండి. ప్రతి ఆటగాడికీ ఒక వరుస: పేరు, 1942లో ఆడిన కాలేజీ, ఏ దళం, ఆడిన మొదటి ఆట, ఆఖరి ఆట. వీ-12 టర్ము 16 వారాలు. జూలైలో మొదలైన టర్ము అక్టోబర్ ఆఖరుకు అయిపోతుంది, నవంబర్ 1న కొత్తది మొదలవుతుంది. బదిలీ ఉత్తర్వులు వచ్చినవాళ్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. కాబట్టి నవంబర్ 1 దగ్గర ఒక గీత గీసి, దానికి ముందు ఎవరు ఆడారో, తర్వాత ఎవరు ఆడారో విడివిడిగా చూడండి. నోటర్‌డామ్ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించి బంతి విసిరే ఆటగాడు) ఏంజెలో బెర్టెల్లీ ఆరు ఆటలాడి మెరైన్ శిక్షణకు వెళ్లాడు. అయినా ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనికే వచ్చింది. నవంబర్ 6న నోటర్‌డామ్ ఆర్మీ జట్టును (వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీది) 26-0తో ఓడించినప్పుడు అతని స్థానంలో ఉన్నది జానీ లూజాక్. ఈ గీత లేకపోతే పది ఆటలూ బెర్టెల్లీ ఖాతాలోకే పోతాయి.

1942 కాలేజీ గడి ఎందుకో పర్డ్యూను చూస్తే తెలుస్తుంది. అలెక్స్ అగాసీ, టోనీ బట్కోవిచ్ అంతకు ముందు ఏడాది ఇల్లినాయ్‌కు ఆడినవాళ్లు. మెరైన్ శిక్షణ కోసం పర్డ్యూకు పంపితే, 1943లో పర్డ్యూ తరఫున అదే ఇల్లినాయ్ మీద ఆడారు. ఆ సీజన్‌లో పర్డ్యూ ఒక్క ఆటా ఓడలేదు. బట్కోవిచ్ 1945 ఏప్రిల్‌లో ఒకినావా యుద్ధంలో చనిపోయాడు. ఇలాంటి ఆటగాణ్ని ఒక్క కాలేజీ పేరు కిందే రాస్తే అతని చరిత్ర సగమే మిగులుతుంది.

పేర్ల కోసం ఇయర్‌బుక్ (కాలేజీ ఏటా అచ్చువేసే సంచిక) గ్రూప్ ఫొటోను నమ్ముకోవద్దు. ఫొటోలో ఉన్నవాళ్లంతా చివరిదాకా ఆడారన్న హామీ లేదు. ఆట రోజు అమ్మిన ప్రోగ్రామ్ పుస్తకం కూడా ముందే అచ్చయింది. ఆటలు ఎక్కువగా శనివారం జరిగేవి కాబట్టి ఆదివారం పత్రికలో వచ్చిన లైనప్పే (ఆడినవాళ్ల జాబితా) అసలు ఆధారం. రెండు ఊళ్ల పత్రికలు, అంటే ఇరు జట్లవీ, పక్కపక్కన పెట్టి చూడండి. 1941లో ఆటగాళ్లను మార్చే నిబంధన సడలించారు గనుక సబ్‌స్టిట్యూట్ల జాబితా పొడుగ్గా ఉంటుంది, దాన్ని వదిలేయకండి. ఇంకో చిక్కు: లైనప్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఉన్నంత మాత్రాన బంతి విసిరింది అతనే అనుకోవద్దు. సింగిల్ వింగ్ అనే పాత వ్యూహంలో ఆడిన జట్లలో క్వార్టర్‌బ్యాక్ పని ముఖ్యంగా ప్రత్యర్థులను అడ్డుకోవడం, బంతి ఎక్కువగా విసిరేది టెయిల్‌బ్యాక్ అనే వేరే ఆటగాడు. నోటర్‌డామ్ 1942 నుంచీ క్వార్టర్‌బ్యాకే బంతి విసిరే టీ-ఫార్మేషన్ వ్యూహంతో ఆడింది కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది లేదు.

ర్యాంకులు చివర్లో రాయండి. ఏపీ పోల్‌లో (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ క్రీడా విలేఖరుల ఓట్లతో ఇచ్చే ర్యాంకులు) స్థావరాల జట్లకూ చోటుండేది: 1943 ఆఖరి పోల్‌లో నోటర్‌డామ్ మొదటిది, అయోవా ప్రీ-ఫ్లైట్ రెండోది, పర్డ్యూ ఐదోది. నోటర్‌డామ్ అయోవా ప్రీ-ఫ్లైట్‌ను 14-13తో గెలిచి, చివరి ఆటలో గ్రేట్ లేక్స్ చేతిలో 19-14తో ఓడినా మొదటి స్థానం పోలేదు. అప్పట్లో ఆఖరి పోల్ బౌల్ ఆటలకు (సీజన్ అయ్యాక, ఎక్కువగా జనవరి 1న, ఎంపికైన జట్ల మధ్య జరిగే ఆటలు) ముందే జరిగేది. కాబట్టి జనవరి 1 ఫలితాలను ర్యాంకుతో ముడిపెట్టకుండా వేరే వరుసలో రాయండి.