యాక్సిల్ బూటు చిరిగితే ఏం చేయాలి?

రాళ్ళ దారుల్లో, తుమ్మ పొదల మధ్య, వాగుల్లో బండి తిప్పి వచ్చినవారు టైర్లకు పట్టిన బురద కడుగుతారు గాని, ముందు చక్రాల వెనుక కొలిమితిత్తిలా మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూట్లను చూసేవారు తక్కువ. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌నే తీసుకుంటే, ముందువైపు ఒక్కో చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నందువల్ల, ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ నుంచి ఒక్కో చక్రానికి ఒక్కో షాఫ్టు వెళుతుంది. ప్రతి షాఫ్టుకూ రెండు చివర్లలో సీవీ జాయింట్లు, అంటే షాఫ్టు వంగి ఉన్నా చక్రాన్ని సాఫీగా తిప్పే కీళ్ళు, వాటి మీద బూట్లు ఉంటాయి. మారుతి జిమ్నీ, పాత జిప్సీల ముందు యాక్సిల్ ఒకే గట్టి గొట్టంలా ఉండి జాయింటు ఇనుప గోళంలో దాగి ఉంటుంది కనుక వాటికి ఈ చిక్కు లేదు.

బూటు గ్రీజును లోపల నిలిపి, మట్టినీ నీటినీ బయట ఆపుతుంది. అది చిరిగిన క్షణం నుంచి తిరిగే షాఫ్టు గ్రీజును బయటికి విసిరివేస్తుంది. ఆ ఖాళీలోకి చేరిన ఇసుక జాయింటులోని ఉక్కు బంతులను ఆకురాయిలా అరగదీస్తుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఎక్కువగా వంగేది బయటి బూటే కనుక ముందుగా చిరిగేదీ అదే. లిఫ్ట్ కిట్ వేయించి బండిని ఎత్తు పెంచినవారి బూట్లు మరీ త్వరగా పోతాయి, ఎందుకంటే షాఫ్టు వాలు పెరిగి మడతలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి.

మొదట చిరుగు ఎంత పాతదో తేల్చుకోవాలి. స్టీరింగును ఒకవైపు పూర్తిగా తిప్పి, ఇంజను ఆపి, మడతలను వేళ్ళతో విడదీసి టార్చిలైటుతో చూడండి. రిమ్ము లోపలి అంచున, బ్రేకు కాలిపర్ మీద నల్లని గ్రీజు చిమ్మినట్లు కనబడితే బూటు చిరిగిందన్న అనుమానం బలపడుతుంది. తరువాత ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి ఉంచి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. టకటకమనే చప్పుడు వస్తే బయటి జాయింటు అరిగినట్లే. అప్పుడు కొత్త బూటు వేయడం వృథా ఖర్చు, జాయింటునో మొత్తం షాఫ్టునో మార్చాలి. చప్పుడు లేకుంటే బూటు, గ్రీజు, బూటును బిగించే క్లాంపులతో పని తీరే అవకాశం ఎక్కువ.

దారి మధ్యలో చిరిగితే పైనున్న మట్టిని పొడిగుడ్డతో తుడిచి, పాత సైకిల్ ట్యూబును పట్టీలా కోసి, బూటు చుట్టూ బిగువుగా చుట్టి జిప్ టైలతో కట్టండి. ఇది ఇల్లు చేరడానికి మాత్రమే. స్టీరింగును పూర్తిగా తిప్పకుండా, తక్కువ వేగంతో నడపండి. 650 మిల్లీమీటర్ల లోతు నీటిలోనైనా ఈ థార్ వెళ్ళగలదని కంపెనీ చెప్పే మాట చిరిగిన బూటున్న బండికి వర్తించదు, వాగు దాటకండి.

ఇక బూటు మార్చడం. చదునైన చోట బండి నిలిపి, వెనుక చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టి, చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టును వదులు చేయండి. తరువాత జాకీతో ఎత్తి తప్పనిసరిగా స్టాండు పెట్టండి; జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్ళడం ప్రాణాపాయం. చక్రం తీసి, కాలిపర్‌ను బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడదీసి, మాన్యువల్ చెప్పిన వరుసలో టై రాడ్ (చక్రాన్ని స్టీరింగుకు కలిపే కడ్డీ), బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) విడదీసి షాఫ్టును బయటికి తీయండి. డిఫరెన్షియల్ నుంచి ఆయిల్ కారవచ్చు కనుక కింద పళ్ళెం ఉంచండి.

పాత క్లాంపులు, బూటు కోసేసి జాయింటును విడదీయండి. చాలా జాయింట్లను లోపలి సర్‌క్లిప్ అనే స్ప్రింగు ఉంగరం పట్టి ఉంచుతుంది. కొట్టాల్సి వస్తే ఇత్తడి కడ్డీని అడ్డుపెట్టండి. అసలు పని ఇక్కడే ఉంది. తొందరలో పాత గ్రీజు మీదే కొత్త గ్రీజు కూరి బూటు తొడిగేవారున్నారు. లోపలి ఇసుక అలాగే ఉంటుంది కనుక ఆ శ్రమంతా వ్యర్థం. జాయింటును డీజిల్‌లో పలుమార్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బంతుల మీద, అవి దొర్లే గాడుల్లో గుంటలు గాని, వేలిగోటికి తగిలే గీతలు గాని ఉంటే ఆ జాయింటును తిరిగి వాడకండి.

ముందుగా చిన్న క్లాంపును, బూటును షాఫ్టుకు ఎక్కించిన తరువాతే జాయింటు బిగించాలి. ఈ వరుస మరిచిపోతే మళ్ళీ విప్పాల్సి వస్తుంది. కిట్‌తో వచ్చిన మాలిబ్డినం గ్రీజునంతా వాడండి, బేరింగు గ్రీజు పనికిరాదు. చివరి క్లాంపు బిగించే ముందు బూటు అంచును మొద్దు స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా ఎత్తి లోపల చిక్కిన గాలిని వదలండి. షాఫ్టు విప్పకుండా అతికించే చీలిక బూట్లు దొరుకుతాయి గాని, రాళ్ళ దారికి వాటిని నేను నమ్మను.

అన్నీ తిరిగి బిగించి, కొత్త యాక్సిల్ నట్టు వేసి, మాన్యువల్‌లోని కొలత ప్రకారం, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించండి. కారిన ఆయిల్‌ను భర్తీ చేయండి. మొదటి కొన్ని ప్రయాణాల తరువాత రిమ్ము లోపలి అంచును తెల్లని గుడ్డతో తుడిచి చూడండి. నల్లని మరక అంటితే క్లాంపు సరిగా పట్టలేదు, వెంటనే మళ్ళీ బిగించాలి.