పాత కారు డ్రమ్ బ్రేకులు గట్టిగా పట్టాలంటే ఏం చేయాలి?

చెన్నైలో కత్తిపారా ఫ్లైఓవర్ దిగుతుంటే ముందున్న ఎంటీసీ సిటీ బస్సు టక్కున ఆగింది. నేను బ్రేకు తొక్కాను. మా 1972 అంబాసిడర్ మాత్రం తీరిగ్గా ఆగింది, బంపర్‌కీ బస్సుకీ మధ్య జానెడు మిగిలింది. పక్కన కూర్చున్న నాన్న ఏమీ అనలేదు కానీ డాష్‌బోర్డు మీద ఆనించిన చెయ్యి ఇంటికి వచ్చేదాకా తీయలేదు. కాఫీ తాగుతూ "ఈ బండి బ్రేకులు ఇలా ఉండేవి కావురా" అన్నారు. నిజమే. నా చిన్నప్పుడు ఇదే బండి ఇవే డ్రమ్ములతో ఆరుగురినీ సామాన్లనూ వేసుకుని తిరుమల ఘాట్ దిగేది.

అందుకే ఎవరైనా "డ్రమ్ బ్రేకులంటే అంతే సార్, డిస్క్ వేయించేయండి" అంటే వెంటనే డబ్బు తీయకండి. పాత బండి బ్రేకులు పట్టకపోవడానికి చాలాసార్లు కారణం డ్రమ్ము కాదు, ఏళ్ళ తరబడి ఎవరూ దాన్ని సరిగ్గా సెట్ చేయకపోవడం. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ అనే పంపు బ్రేకు ఆయిల్‌ను చక్రాల్లోని చిన్న సిలిండర్లకు నెడుతుంది, అవి లైనర్ అనే రాపిడి పొర అంటించిన షూలను లోపలినుంచి డ్రమ్ముకు అదుముతాయి.

ముందు పెడల్ ఏం చెబుతోందో వినండి

పెడల్ బాగా కిందికి దిగి, రెండోసారి పంపు కొడితే పైకి వస్తోందా? షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ ఎక్కువైంది, అడ్జస్ట్ చేస్తే చాలు. స్పాంజి తొక్కినట్టు మెత్తగా ఉంటే లైన్లలో గాలి ఉంది. సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోందంటే, ఎక్కడైనా ఆయిల్ కారుతుండాలి, బయట ఏమీ కారడం లేదంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్ వాషర్లు పోయినట్టే. ఈ చివరిది ఉంటే బండి కదిలించకండి, ఎందుకంటే ఆ కాలం బండ్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ లైను నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే, అది పోయిందంటే మిగిలేది హ్యాండ్ బ్రేకూ దేవుడూ.

బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంటే ఒక చక్రంలో సిలిండర్ బిగుసుకుందనో, లైనర్‌కు నూనె అంటిందనో, లేదా రబ్బర్ హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుపోయిందనో అర్థం. హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. కాలి కింద దడదడ కొడితే డ్రమ్ము గుండ్రం పోయింది.

విప్పడం

చదునైన నేల మీద పెట్టి, కింద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. జాకీని మాత్రమే నమ్ముకుని కింద చెయ్యి పెట్టొద్దు. వెనక చక్రాలు విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేకు దించి ఉండాలి. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకండి, ముందు అడ్జస్టర్ (షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ మార్చే మర) వదులు చేయండి, షూలు లోపలికి వస్తే అదే వస్తుంది.

లోపలి దుమ్మును నోటితో ఊదొద్దు, ఎయిర్ గన్‌తో అస్సలు కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. విప్పకముందు స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉన్నాయో ఫోటో తీసుకోండి, ఒకసారికి ఒక వైపే విప్పండి. రెండోది చూసి బిగించుకోవడానికి ఉంటుంది. (నేను రెండూ విప్పేసి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.)

లైనర్‌కు గ్రీజో యాక్సిల్ ఆయిలో అంటి ఉంటే దాన్ని పెట్రోల్ పోసి కాల్చి మళ్ళీ బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. మా బండికీ అలాగే చేశారు, వారం బాగుంది, తర్వాత మళ్ళీ ఎడమకు లాగింది. నూనె లోపలిదాకా ఇంకిపోతుంది కాబట్టి ఆ షూలు పడేసి కొత్తవి వేయాలి, ఆ ఇరుసుకు రెండు వైపులా మార్చాలి, ముందుగా కారుతున్న ఆయిల్ సీలు మార్చాలి. వీల్ సిలిండర్ల రబ్బర్ భాగాలకు పెట్రోల్, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ ఏదీ తగలనివ్వొద్దు, ఉబ్బిపోతాయి. బ్రేకు ఆయిల్‌తోనే కడగండి.

అసలు పని లేత్ దగ్గర

డ్రమ్ బ్రేకులో ఒక గమ్మత్తు ఉంది. తిరుగుతున్న డ్రమ్ముకు ముందు వైపు షూ తగలగానే ఆ తిరుగుడే షూను తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. దీన్నే లీడింగ్ షూ అంటారు. మన కాలి బలానికి డ్రమ్ము తన బలం కలుపుతుందన్నమాట. ముందు చక్రంలో రెండు సిలిండర్లు కనిపిస్తే రెండు షూలూ లీడింగే, అందుకే అలాంటి బండి ముందుకు వెళ్ళేటప్పుడు బాగా ఆగుతుంది, రివర్స్‌లో అంత పట్టదు. అయితే ఈ లాభం దక్కాలంటే లైనర్ మొత్తం డ్రమ్ముకు ఆనాలి. ఏళ్ళ తరబడి అరిగిన డ్రమ్ములో, కొట్లో కొన్న కొత్త షూ వేస్తే అది మధ్యలో రెండు అంగుళాలు మాత్రమే తాకుతుంది, మిగతాదంతా గాల్లో ఉంటుంది. కొత్త షూలు వేయించాను, అయినా బ్రేకు పట్టడం లేదు అని వాపోయేవాళ్ళ బాధ ఇదే.

కాబట్టి డ్రమ్ములను లేత్ మీద టర్నింగ్ చేయించి లోపలి గోడ సమం చేయించండి, ఒకే ఇరుసు మీది రెండిటినీ ఒకే కొలతకు. ఎంతవరకు తీయవచ్చో కొన్ని డ్రమ్ముల మీద పోత పోసి ఉంటుంది, లేకపోతే మీ బండి మాన్యువల్ చూడండి. ఆ కొలత దాటిన డ్రమ్ము పల్చబడి త్వరగా వేడెక్కుతుంది, పగలొచ్చు కూడా. తర్వాత ఆ డ్రమ్ము వంపుకే షూను రుద్దించాలి. ఇది అందరూ చేయరు, అడిగి చేయించుకోవాలి. పుదుపేటలో నాకు దొరికిన లేత్ ఆయన మన నెల్లూరు మనిషే. నేను అరవంలో తంటాలు పడుతుంటే "తెలుగులోనే చెప్పు తమ్ముడూ" అని, జేబులోంచి సుద్దముక్క తీసి లైనర్ మీద గీతలు గీసి, షూను డ్రమ్ములో ఒకసారి ఆనించి తిప్పి చూపించాడు. సుద్ద చెరిగిన చోట ఆనుతోంది, మిగిలిన చోట ఆనడం లేదు. సుద్ద చాలావరకు సమానంగా చెరిగేదాకా కొంచెం కొంచెం రుద్దాడు. మధ్యలో కాస్త ఎక్కువ ఆనినా పర్వాలేదు, రెండు చివర్లలోనే ఆనితే మాత్రం బ్రేకు ఒక్కసారిగా కరుచుకుంటుంది అన్నాడు.

లైనర్ల విషయంలో మద్రాసులో ఉండటం ఒక అదృష్టం. 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా కంపెనీ ఇక్కడి పాడి ప్రాంతంలోనే ఉంది, సుందరం బ్రేక్ లైనింగ్స్ కూడా అక్కడిదే. జనరల్ ప్యాటర్స్ రోడ్డు కొట్లలో అడిగితే మంచి సరుకే దొరుకుతుంది, కాకపోతే పాత షూ చేత్తో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

సెట్ చేయడం, గాలి తీయడం

అన్నీ బిగించాక పెడల్ రెండు మూడు సార్లు తొక్కండి, షూలు మధ్యలోకి వస్తాయి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ అడ్జస్టర్‌ను చక్రం ఆగిపోయేదాకా బిగించి, మళ్ళీ చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వదలండి. సన్నగా రాసుకున్న శబ్దం వస్తే ఫర్వాలేదు. ముందు చక్రానికి రెండు అడ్జస్టర్లు ఉంటే రెండూ విడివిడిగా. హ్యాండ్ బ్రేకు కేబుల్ జోలికి అన్నిటికన్నా చివర వెళ్ళండి. కేబుల్ లాగి పెట్టి గ్యాప్ తగ్గిందని సంబరపడటం దొంగలెక్క.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఈ ఊళ్ళో తేమకు కొదవా? డాట్ 3 అనే గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరితే 140కే మరగవచ్చు, డాట్ 4కు ఈ లెక్క 230, 155. ఘాట్ రోడ్డులో పెడల్ నేలకంటడానికి ఇదీ ఒక కారణమే. రెండేళ్ళకోసారి మొత్తం మార్చండి. సిలికాన్ రకమైన డాట్ 5ను వీటితో కలపొద్దు. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరకు రండి. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గరి నిపుల్ (గాలి బయటికి పోయే చిన్న మర) వదలాలి, నిపుల్ బిగించాకే కాలు తీయాలి. మా ఇంట్లో తొక్కే డ్యూటీ నాన్నది, "వదలనా?" అని అడిగేలోపే వదిలేసేవారు, అందుకే నాలుగు చక్రాలకు గంటన్నర పట్టింది. డబ్బాలో ఆయిల్ మట్టం చూసుకుంటూ ఉండండి, పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

కొత్త లైనర్ మొదటి రోజే పూర్తిగా పట్టదు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు, గట్టిగా కాకుండా నిదానంగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఓ పదిహేను ఇరవై సార్లు చేయండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి అడ్జస్ట్ చేయాల్సి వస్తుంది.

ఇంతా చేశాక కూడా పెడల్ బరువుగా అనిపిస్తే అప్పుడు బూస్టర్ గురించి ఆలోచించండి. అది కాలి శ్రమ తగ్గిస్తుంది కానీ సరిగ్గా ఆనని షూను ఆనించలేదు. నా మాట అడిగితే ముందు డబ్బు పెట్టాల్సింది రెండు గదుల మాస్టర్ సిలిండర్ మీద, ముందు చక్రాల లైను పోయినా వెనకవి పనిచేస్తాయి. లైన్లు విడదీసే పని కాబట్టి తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి.

వానాకాలంలో టీ నగర్ దురైసామి సబ్‌వే లాంటి చోట నీళ్ళలోంచి బయటపడ్డాక కాసేపు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి నడపండి, డ్రమ్ములోని తడి ఆ వేడికి ఆరిపోతుంది. పోయిన నెల నాన్నను మళ్ళీ కత్తిపారా మీదుగా తీసుకెళ్ళాను, దిగువన ఆటో అడ్డం వచ్చింది, బండి నిలబడిపోయింది. నాన్న చెయ్యి ఒళ్ళోనే ఉంది.